గడ్డితో ఉన్న పొట్టి రన్‌వేపై చిన్న విమానం దిగేటప్పుడు: సమస్యలు - పరిష్కారాలు

బ్రిటన్ పల్లెల్లో పొలాల మధ్య ఉండే గడ్డి రన్‌వేలు కొన్ని 500 మీటర్లు కూడా ఉండవు. అక్కడ విమానం కంచెలోకి దూసుకెళ్లిందంటే చాలాసార్లు తప్పు జరిగింది చివర్లో కాదు, అప్రోచ్‌లోనే, అంటే రన్‌వే వైపు దిగుతూ వచ్చే దశలోనే.

సమస్య: విమానం తేలుతూ పోతోంది, నేలను తాకడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ అధిక వేగమే. నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172ఎస్ పూర్తి బరువుతో పొట్టి రన్‌వేపై దిగడానికి తయారీదారు హ్యాండ్‌బుక్ చెప్పే వేగం 61 నాట్లు (గంటకు సుమారు 113 కి.మీ.). టెన్షన్‌లో, స్టాల్ (వేగం మరీ తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) అవుతుందేమోనన్న భయంతో 67తో వస్తారు. వేగం 10 శాతం పెరిగితే గతిశక్తి 21 శాతం పెరుగుతుంది. అది ఖర్చయ్యేదాకా విమానం దిగదు, కింద రన్‌వే అయిపోతూ ఉంటుంది. అప్పుడు ముక్కును బలవంతంగా కిందికి నొక్కితే నోస్ వీల్ ముందు తగిలి విమానం ఎగిరిపడుతుంది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకోవచ్చు.

ఫైనల్‌లోకి (రన్‌వేకు ఎదురుగా నేరుగా వచ్చే చివరి దశలోకి) రాగానే 61 దగ్గర ట్రిమ్ చేసి, అంటే చేతి బలం లేకుండానే ఆ వేగం నిలిచేలా సర్ది, అక్కడే నిలపండి. రన్‌వేలో మొదటి మూడో వంతు దాటేలోపు చక్రాలు తాకకపోతే గో-అరౌండ్ చేయాలి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవాలి. ఈ నిర్ణయం పైన ఉన్నప్పుడే తీసుకోండి.

సమస్య: బ్రేక్ వేసినా జారిపోతోంది

తడి గడ్డి. బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ సూచన ప్రకారం, పొడి తారు రన్‌వేతో పోలిస్తే దిగే దూరం పొడి గడ్డిపై 15 శాతం, తడి గడ్డిపై 35 శాతం పెరుగుతుంది. బాగా పొట్టిగా కత్తిరించిన తడి గడ్డిపై 60 శాతం దాకా పోవచ్చు. చూడటానికి చక్కగా ఉండే రన్‌వేనే ఎక్కువ జారుతుందన్నమాట.

లెక్క వేసి చూడండి. గాలి లేని రోజు, సముద్రమట్టంలో, పొడి తారు రన్‌వేపై 50 అడుగుల ఎత్తు నుంచి దిగి 172ఎస్ ఆగడానికి సుమారు 407 మీటర్లు కావాలి. తడి గడ్డికి 1.35తో గుణిస్తే 549. దానిపై సీఏఏ సూచించే భద్రతా గుణకం 1.43 వేస్తే 785. వెనుకగాలి ఉంటే ఇంకా ఎక్కువ. హ్యాండ్‌బుక్‌లో గడ్డికి వేరే లెక్క ఉంటే, రెండింటిలో పెద్దదే తీసుకోండి. అంత రన్‌వే లేకపోతే ఆ రోజు అక్కడ దిగకండి.

దిగాక చక్రాలు లాక్ అయితే బ్రేక్ వదిలి మళ్లీ మెల్లగా నొక్కండి. కంట్రోల్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే హ్యాండిల్) వెనక్కి లాగి ఉంచితే నోస్ వీల్ మెత్తని నేలలో కూరుకుపోయే ప్రమాదం తగ్గుతుంది.

సమస్య: రన్‌వేకు ముందే కంచెను తాకడం

ఇరుకు రన్‌వే, ముందుకు పోయేకొద్దీ ఎత్తు పెరిగే రన్‌వే మనం ఎక్కువ ఎత్తులో ఉన్నామనే భ్రమ కలిగిస్తాయి. కన్నును నమ్మి కిందికి దిగిపోతారు. ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటర్) చూస్తూ రండి.

సమస్య: గో-అరౌండ్ చేసినా ఎత్తు అందడం లేదు

ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి దించే పలకలు) పూర్తిగా దించి ఉంటే 172ఎస్ సరిగా ఎక్కదు. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తగ్గించి, 60 నాట్లు నిలపండి. చక్రాలు నేల మీద ఉండి, ఎదురుగా చెట్లు దాటే చోటు లేకపోతే మాత్రం ఎగరడానికి ప్రయత్నించకండి, బ్రేక్ మీదే ఉండండి. 60 నాట్లతో చెట్టును కొడితే ఉండే శక్తి, 15 నాట్లతో కంచెలోకి వెళ్తే ఉండేదానికి 16 రెట్లు.