'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని రాస్తున్నారా? తప్పు ఎక్కడుందంటే

తిరుపతి బాలాజీ కాలనీలో మాది డీటీపీ షాపు. టైపింగ్‌కి వచ్చే కవరింగ్ లెటర్లలో నేను ఎక్కువసార్లు దిద్దేది ఒకే తప్పు. నిన్న ఒక ఎంబీఏ అబ్బాయి తెచ్చిన కాగితంలో మొదటి లైనే ఇలా ఉంది: 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్ వర్కింగ్ ఇన్ యువర్ కంపెనీ'. బాగా చదివే పిల్లాడు, మొదటి లైన్‌లోనే మార్కు పోగొట్టుకుంటాడే అని నాకు బాధేసింది.

సమస్య: 'వన్ ఆఫ్ మై' తర్వాత 'ఫ్రెండ్' అని ఏకవచనం రాయడం. స్పెల్లింగ్ కరెక్టే కాబట్టి చాలాసార్లు కింద ఎర్ర గీత కూడా పడదు.

కారణం: మనం 'నా ఫ్రెండ్ ఒకడు మీ కంపెనీలో చేస్తున్నాడు' అంటాం, తెలుగులో అది నిక్షేపంలా ఉంటుంది, దాన్నే మాటకు మాట దించేస్తాం. కానీ 'వన్ ఆఫ్' అంటే 'ఇంతమందిలో ఒకరు' అని, అంటే ముందు గుంపు ఉండాలి, అందులోంచి ఒకరిని తీయాలి.

పరిష్కారం: మన కొండనే తలచుకోండి. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. 'ఏడు కొండల్లో ఒకటి అంజనాద్రి' అంటాం గానీ 'ఏడు కొండలో ఒకటి' అని చిన్నపిల్లలు కూడా అనరు. ఇంగ్లీషులోనూ అంతే, 'అంజనాద్రి ఈజ్ వన్ ఆఫ్ ది సెవెన్ హిల్స్'. రాసేముందు మనసులో '-ల్లో ఒకరు' అనుకోండి, 'ఫ్రెండ్స్' దానంతటదే వచ్చేస్తుంది.

ఇది సరిచేశాక కొందరు ఇంకో చోట పడతారు. 'ఫ్రెండ్స్' అని రాశాం కదా అని వెంటనే 'ఆర్' పెట్టేస్తారు. పని చేసేది ఒక్కడే కాబట్టి అక్కడ 'ఈజ్' ఉండాలి. అనుమానం వస్తే 'ఆఫ్ మై ఫ్రెండ్స్' మీద వేలు పెట్టి మూసి మిగతాది చదవండి: 'వన్ ఈజ్ వర్కింగ్'. సరిపోయింది.

బస్టాండులో సామాను పోయిందని రాసే కంప్లయింట్లలో 'వన్ ఆఫ్ మై లగేజ్' అని ఉంటుంది. లగేజ్‌ని ఇంగ్లీషులో ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, 'లగేజెస్' అన్నా తప్పే. 'వన్ ఆఫ్ మై బ్యాగ్స్' అని రాయండి. 'వన్ ఆఫ్ ఫ్రెండ్స్' అని కూడా వదిలేయకండి, మధ్యలో 'మై' లేదా 'ది' లాంటి మాట ఒకటి ఉండాల్సిందే.

అన్నట్టు, మన 'నా ఫ్రెండ్ ఒకడు' అనే మాటకి ఇంగ్లీషులో అచ్చంగా సరిపోయేది ఇంకోటుంది, 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్'. ఇందులో 'ఫ్రెండ్' ఏకవచనంగానే ఉంటుంది. ఆ అబ్బాయికి రెండూ చూపించాను, ఇదే బాగుందని దీన్నే ప్రింట్ తీయించుకున్నాడు.