క్రెడిట్ కార్డు వడ్డీ పెరిగిందని మెసేజ్ వచ్చిందా?

ఫలానా తేదీ నుంచి మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం నుంచి 3.75 శాతానికి పెరుగుతోంది, వివరాలకు ఈ లింక్ నొక్కండి అని మెసేజ్ వస్తే ముందు ఆ లింక్ జోలికి పోకండి. ఇలాంటి మెసేజ్‌ల పేరుతోనే మోసాలు జరుగుతున్నాయి. బ్యాంక్ యాప్‌లోకి మీరే వెళ్లి, కొత్త రేటు ఎంత, ఏ తేదీ నుంచి అన్నది చూసుకోండి.

ప్రతి నెలా బిల్లు మొత్తం గడువులోపు కట్టేసేవాళ్లయితే, ఏటీఎంలో కార్డుతో డబ్బు తీసే అలవాటు లేకపోతే, ఈ పెంపుతో మీకు సంబంధమే లేదు. వడ్డీ 3.75 అయినా 5 అయినా మీకు పడేది సున్నా. ఒక్క పని చేయండి, ఆటో డెబిట్ ‘మినిమమ్ డ్యూ’ (బిల్లులో కట్టాల్సిన కనీస భాగం) మీద ఉందా ‘టోటల్ డ్యూ’ (బిల్లు మొత్తం) మీద ఉందా చూడండి. మినిమమ్ మీద ఉంటే, ఆ సంగతి బిల్లులో వడ్డీ పడ్డాక గానీ తెలియకపోవచ్చు.

ఇక బాకీ ఉన్నవాళ్ల సంగతి. నెలకు 3.75 శాతం అంటే మన ఊళ్లో లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పావలా వడ్డీ. బయట ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటే ‘అమ్మో’ అంటాం, కార్డు విషయంలో మాత్రం శాతాల్లో రాసి ఉంటుంది కాబట్టి చిన్నగా కనిపిస్తుంది. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే నిజానికి మీరు కట్టేది నాలుగు రూపాయల నలభై పైసలు దాటుతుంది. 47,500 రూపాయల బాకీ నెల పొడుగునా ఉందనుకోండి: వడ్డీ 1,781, జీఎస్టీ 321, మొత్తం 2,102. పాత రేటు మీద అదే 1,962 అయ్యేది. తేడా 140 రూపాయలే! కాబట్టి కోపం పావలా పెంచినందుకు కాదు, ఇన్నాళ్లూ మూడున్నర కడుతున్నందుకు రావాలి.

రెపో రేటు (బ్యాంకులకిచ్చే అప్పు మీద ఆర్‌బీఐ తీసుకునే వడ్డీ) 2025లో తగ్గింది కదా, ఇదెందుకు పెరిగిందని అడుగుతారు. హోమ్ లోన్‌లా కార్డు వడ్డీ రెపోకి ముడిపడి ఉండదు. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది గానీ, 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అందుకని రేటు గురించి కస్టమర్ కేర్ మీద అరిచి లాభం లేదు, బాకీని అక్కడి నుంచి లేపే దారి చూడాలి.

అన్నిటికన్నా ముందు ఆ కార్డు వాడటం ఆపేయండి. పాత బిల్లులో కొంతైనా బాకీ ఉంటే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు పోతుంది, కూరగాయలకు గీకినా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు. తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ‘బాకీ మొత్తాన్ని ఈఎంఐలోకి మార్చాలి, ఏడాది వడ్డీ ఎంత, ఫ్లాటా రెడ్యూసింగా, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మధ్యలో కట్టేస్తే ఎంత కోస్తారు’ అని సూటిగా అడగండి. ఫ్లాట్ అంటే మొదటి బాకీ మొత్తం మీదే చివరిదాకా వడ్డీ, రెడ్యూసింగ్ అంటే తీర్చగా మిగిలిన దాని మీదే. ఫ్లాట్ అన్నారా, జాగ్రత్త, ఏడాది ఈఎంఐకి 12 శాతం ఫ్లాట్ అంటే అసలు లెక్కలో 21 శాతం పైనే. అదే 47,500ని 16 శాతం రెడ్యూసింగ్‌తో 12 నెలలకు మారిస్తే నెలకు దాదాపు 4,310 పడుతుంది. వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి ఏడాది మొత్తానికి 5 వేలకు కాస్త అటూ ఇటూ, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఇప్పుడు రెండున్నర నెలల్లో పోతున్న వడ్డీ అది.

ఇంట్లో బంగారం ఉంటే, నన్నడిగితే, ఈఎంఐ కన్నా ముందు బ్యాంకులో గోల్డ్ లోన్ రేటు కనుక్కోండి. గాజులు తాకట్టు పెట్టడమంటే మనవాళ్లకు పరువు సమస్య, కానీ బీరువాలో నగలు పెట్టుకుని ఏడాదికి 45 శాతం వడ్డీ కట్టడంలో ఏం పరువుందో నాకర్థం కాదు. బాకీని తక్కువ వడ్డీకి వేరే కార్డుకి మార్చుకునే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ కూడా ఉంది గానీ, ఆ తక్కువ వడ్డీ కొన్ని నెలలే, ఆ లోపు తీర్చలేకపోతే మళ్లీ మొదటికే వస్తారు.

బాకీ మొత్తం కట్టేశాక తర్వాతి బిల్లులో మళ్లీ కొంచెం వడ్డీ కనిపిస్తే టెన్షన్ పడకండి. బిల్లు తయారైన రోజుకీ మీరు కట్టిన రోజుకీ మధ్యది అది. చిన్న మొత్తమే కదా అని వదిలేస్తే మాత్రం దాని మీద లేట్ ఫీజు పడొచ్చు, సిబిల్‌లో (మీ అప్పుల రికార్డులో) కూడా కనపడొచ్చు.

కార్డే వద్దనుకుంటే బాకీ తీర్చి, మూసేయమని యాప్‌లో గానీ మెయిల్‌లో గానీ అడగండి. ఫోన్‌లో నోటిమాటగా వద్దు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకే ఇవ్వాలి. మూసేసినందుకు ఛార్జీ అడగకూడదు. పాత కార్డు అదొక్కటే అయితే, లేదా త్వరలో హోమ్ లోన్‌కి వెళ్తుంటే, మూయకుండా ఊరికే పక్కన పెట్టడం మేలు, మొత్తం లిమిట్ తగ్గితే సిబిల్ స్కోరు మీద పడొచ్చు. ఏడాది ఫీజు ఉన్న కార్డయితే అప్పుడు లెక్క వేరు.

చెప్పని ఛార్జీ వేసినా, మూయమన్నా మూయకపోయినా, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి ఆ నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు, లాయరూ అక్కర్లేదు.