పన్ను పీకించుకున్నాక మూడో రోజు నొప్పి ఎందుకు లేస్తుంది?

నర్సంపేట, పరకాల నుంచి వరంగల్ వచ్చి పన్ను పీకించుకుని, అదే రోజు బస్సెక్కేవాళ్లు చాలామంది. దారి పొడవునా కిటికీలోంచి ఉమ్ముతూనే ఉంటారు. సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

రక్తం ఆగడం లేదు

ఉమ్మినకొద్దీ గుంతలో కట్టిన రక్తపు గడ్డ కదిలిపోతుంది. ఆ గడ్డే గాయానికి మూత. శుభ్రమైన గాజుగుడ్డ తడిపి, మడిచి, గుంత మీద పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. మొదటి రోజు ఉమ్మిలో కొంచెం ఎరుపు కనబడితే టెన్షన్ వద్దు. రెండుసార్లు నొక్కినా నోరు రక్తంతో నిండుతుంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి పన్ను తీయకముందే చెప్పాలి, సొంతంగా మాత్రలు ఆపొద్దు.

తగ్గిన నొప్పి మూడో రోజు మళ్లీ లేచింది

మా చిన్నాయన పన్ను తీయించుకున్న రాత్రే బీడీ కాల్చిండు. మూడో రాత్రి దవడ పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నడు. నొప్పి చెవి దాకా లాగింది, నోరు వాసన వచ్చింది, గుంత ఖాళీగా కనబడింది. దీన్నే డ్రై సాకెట్ అంటారు. గడ్డ ఊడిపోయి లోపలి ఎముక బయటపడుతుంది. కింది జ్ఞానదంతం తీసినవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఇది ఎక్కువ. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినా గడ్డ లేవొచ్చు.

దయచేసి ఆ గుంతలో లవంగం, పొగాకు కుక్కకండి. పుండు ఇంకా రేగుతుంది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే ఈ నొప్పి పోదు. పన్ను తీసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. గుంత కడిగి మందు పెడితే చాలామందికి ఆ రోజే ఉపశమనం దొరుకుతుంది.

వాపు

రెండు మూడు రోజులు పెరగడం మామూలే. మొదటి రోజు బుగ్గ మీద గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. నాలుగో రోజు కూడా పెరుగుతూ జ్వరం, చీము వస్తే డాక్టర్‌కు చూపించండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి, లేదా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

గుంతలో మెతుకులు ఇరుక్కుంటున్నాయి

పుల్లతో గెలకొద్దు. 24 గంటలు దాటాక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో మెల్లగా తిప్పి వదిలేయండి. చల్లారిన జావ, మెత్తని పెరుగన్నం తినండి. చిగురు మూసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అందాకా సకినాలు, మక్క ప్యాలాలు ఆ పక్కన నమలకండి.