అటారీ ఎస్‌టీలో ఎముటాస్: తెల్ల తెర సమస్య నాకు ఎలా తీరిందంటే

అటారీ కంప్యూటర్ల కోసం ఉన్న ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎముటాస్‌ను సోర్సు నుంచి కంపైల్ చేసి ఈప్రామ్‌లలో (చెరిపి మళ్లీ రాయగల మెమరీ చిప్పులలో) రాసి పెడితే, నా పాత అటారీ కంప్యూటర్ 520 ఎస్‌టీ తెర తెల్లగానే ఉండిపోయేది. కంపైలర్ మార్చాను, సాకెట్లు తుడిచాను, చిప్పులు చెరిపి మళ్లీ రాశాను, ఫలితం లేదు.

అసలు లోపం నేను ఎంచుకున్న 256 కేబీ ఇమేజిలో (చిప్పులలో రాసే ఫైలులో) ఉంది. అది మెమరీలో ఈ00000 చిరునామాకు, అంటే ఎస్‌టీ తర్వాత వచ్చిన ఎస్‌టీఈ తరహా యంత్రాలకు. పాత ఎస్‌టీలో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే రోమ్ (ROM) ఎఫ్‌సీ0000 వద్ద మొదలవుతుంది. అందువల్ల ముందుగా పాత కంపైల్ ఫైళ్లను తుడిచే ‘మేక్ క్లీన్’, తర్వాత 192 కేబీ ఇమేజిని తయారుచేసే ‘మేక్ 192’ ఆదేశాలు నడిపి, ఫైలు సరిగ్గా 1,96,608 బైట్లు ఉందని చూసుకున్నాను. దాన్ని వరుసగా మూడు 64 కేబీ ముక్కలు చేసి, ప్రతి ముక్కలోని సరి బైట్లను ‘హై’ చిప్పుకూ బేసి బైట్లను ‘లో’ చిప్పుకూ వేరుచేసి, ఆరు 27సీ256 చిప్పులలో రాశాను. 68000 ప్రాసెసర్ సరి చిరునామా బైటును డేటా బస్సు (బైట్లు ప్రయాణించే తీగల వరుస) పై సగంలో చదువుతుంది కనుక, ఈ వరుస తారుమారైతే యంత్రం లేవదు.

ఆకుపచ్చ డెస్క్‌టాప్ కనబడినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అయితే ఇది ఆరు సాకెట్ల బోర్డు మీది అనుభవం మాత్రమే. రెండు చిప్పుల బోర్డులకు విభజన వేరుగా ఉంటుంది.