బండి స్టార్ట్ కానప్పుడు – మూడవ పాఠం: లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ తిరగదు

గత పాఠంలో బ్యాటరీని విశ్రాంతిలో కొలవడం నేర్చుకున్నాం. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక మీటరు 12.6 వోల్టులు చూపితే నిండుగా ఛార్జ్ అయినట్టని, 12.2 దగ్గర ఉంటే సగం మిగిలినట్టని, 12కి దిగువన ఉంటే ముందు ఛార్జింగుకు పెట్టి ఆ తరువాతే మరో పరీక్షకు పోవాలని చెప్పుకున్నాం. ఆ కొలత సరిగానే ఉండి, డ్యాష్‌బోర్డు దీపాలన్నీ వెలుగుతూ, తాళం తిప్పినప్పుడు మాత్రం బానెట్ కింద ‘టక్’మని చప్పుడు చేసి ఊరుకునే బండి ఈ పాఠానికి విషయం. ఇలాంటి బండికి చాలాచోట్ల మొదట బ్యాటరీ మారుస్తారు, దానితో నయం కాకపోతే సెల్ఫ్ మోటారు విప్పుతారు, అప్పటికీ కాకపోతే వైరింగు మీదికి పోతారు. అది ఖర్చు పెరిగే వరుసే తప్ప లోపం దొరికే వరుస కాదు. మామూలు డిజిటల్ మల్టీమీటరుతో, ఒక్క పార్టు కూడా ఊడదీయకుండా, లోపం ఏ ముక్కలో ఉందో తేల్చే పద్ధతి ఒకటుంది. దానిని వోల్టేజి డ్రాప్ (దారిలో వోల్టేజి తగ్గుదల) పరీక్ష అంటారు.

ముందుగా ఒక లెక్క చూద్దాం. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పేటప్పుడు 150 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందనుకోండి. ఆ కరెంటు నడిచే దారిలో ఎక్కడో ఒకచోట, ఉదాహరణకు బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే ఎర్త్ వైరును బాడీకి బిగించిన బోల్టు దగ్గర, తుప్పు వల్ల 0.02 ఓముల నిరోధం చేరితే, 150ని 0.02తో గుణించగా వచ్చే 3 వోల్టులు ఆ బోల్టు దగ్గరే ఖర్చయిపోతాయి. అప్పుడు బ్యాటరీ మీద 10.5 వోల్టులున్నా మోటారుకు అందేవి 7.5 మాత్రమే. నిరోధం చేరినప్పుడు కరెంటు కూడా కొంత తగ్గుతుంది గనుక అసలు అంకెలు ఇంత సూటిగా రావు. అయినా జరిగేది ఇదే. ఈ 0.02 ఓములను మీటరులోని ఓమ్ స్కేలుతో పట్టుకోలేం, ఎందుకంటే మీటరు వైర్ల నిరోధమే అంతకంటే ఎక్కువగా ఉంటుంది. కరెంటు నడవనప్పుడు వోల్టులు చూసినా ప్రయోజనం లేదు. మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత స్వల్పం కాబట్టి, కేబులులోని రాగి పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలి ఉన్నా మీటరు నిండుగా 12.6 చూపిస్తుంది. సగం పూడుకుపోయిన పైపులో కూడా కుళాయి కట్టి ఉన్నంతసేపు నీటి ఒత్తిడి తగ్గదు, తిప్పినప్పుడే సంగతి తెలుస్తుంది, ఇదీ అంతే. అందువల్ల ఈ పాఠంలోని ప్రతి కొలతనూ తాళం స్టార్ట్ స్థానంలో ఉన్న ఆ రెండు మూడు సెకన్లలోనే తీసుకోవాలి.

మీటరు చేతిలోకి తీసుకునే ముందు చప్పుడు వినండి. ‘టకటకటక’మని ఆగకుండా కొట్టుకుంటే సోలినాయిడ్ (తాళం తిప్పగానే లోపలి కాంటాక్టులను కలిపి సెల్ఫ్ మోటారుకు కరెంటు పంపే విద్యుదయస్కాంత స్విచ్చు) పట్టు నిలబడటం లేదని అర్థం. సోలినాయిడ్‌లో రెండు చుట్లుంటాయి. బలంగా లోపలికి లాగేది ఒకటి, లాగిన దాన్ని పట్టి ఉంచేది మరొకటి. కాంటాక్టులు కలవగానే మొదటి చుట్టుకు రెండు కొసలా ఒకే వోల్టేజి వచ్చి అది పని మానేస్తుంది, బరువంతా రెండవదాని మీద పడుతుంది. సరిగ్గా అదే క్షణంలో మోటారు భారీ కరెంటు లాగడం వల్ల వోల్టేజి పడిపోతే, పట్టి ఉంచే చుట్టు చాలక స్ప్రింగు వెనక్కి తోస్తుంది. మోటారు ఆగగానే వోల్టేజి మళ్ళీ లేస్తుంది, సోలినాయిడ్ మళ్ళీ లాగుతుంది. కాబట్టి ఈ చప్పుడు వినిపిస్తే బ్యాటరీని, దాని కొసల బిగింపులను ముందుగా అనుమానించాలి. ఒక్కసారే ‘టక్’మని, హెడ్‌లైట్ల వెలుగు ఏమాత్రం తగ్గకపోతే మోటారులోకి కరెంటు పోవడం లేదు. ఒక్కసారి ‘టక్’మని లైట్లు దాదాపు ఆరిపోయేంతగా మసకబారితే, బ్యాటరీ బలహీనమై ఉండాలి, లేదా కరెంటు పోతున్నా మోటారో ఇంజినో తిరగలేకపోతూ ఉండాలి.

ఈ చివరి రకం ఎదురైనప్పుడు బండి అంతకుముందు నీటిలో నిలిచిందేమో కనుక్కోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగిపోయాయి. అలా మునిగిన బండి సిలిండర్లలో నీరు చేరి ఉంటే, నీరు అణగదు గనుక పిస్టన్ పైకి రాలేక ఆగిపోతుంది; పట్టుబట్టి సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. అలాంటి బండి మీద ఈ పాఠాన్ని ప్రయోగించవద్దు, టోయింగ్ చేయించడమే దారి.

ఇప్పుడు కొలతలకు వద్దాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం తిప్పడానికి ఒకరిని సీట్లో కూర్చోబెట్టండి. సెల్ఫ్ నెమ్మదిగానైనా తిరిగే బండి అయితే, పరీక్ష మధ్యలో ఇంజిన్ అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి పక్కన పెట్టుకోండి. మీటరును 20 వోల్టుల డీసీ స్థానంలో ఉంచండి.

మొదటి కొలత బ్యాటరీ మీద. మీటరు మొనలను క్లాంపులకు కాకుండా సీసపు పోస్టుల నడినెత్తికే ఆనించాలి. తాళం తిప్పినప్పుడు అంకె 10కి పైన నిలిస్తే బ్యాటరీ తన పని తాను చేస్తోంది. 9.6 కంటే కిందికి జారితే, విశ్రాంతిలో ఎంత చూపినా సరే, బరువు మోసే శక్తి దానికి లేదు. అంకె 12.4 దగ్గర కదలకుండా ఉండిపోతే మాత్రం అది మంచి బ్యాటరీకి గుర్తని సంతోషించవద్దు. అసలు కరెంటే నడవలేదని దాని అర్థం.

రెండవ కొలత ఎర్త్ వైపు. నల్ల మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర మొన ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని లోహపు చోట పెట్టి తాళం తిప్పించండి. 0.2 వోల్టులు లేదా అంతకంటే తక్కువ రావాలి. ఎక్కువ వస్తే దారిని ముక్కలుగా విడదీయండి: పోస్టు నుంచి క్లాంపు వరకు, క్లాంపు నుంచి బాడీ వరకు, బాడీ నుంచి ఇంజిన్ వరకు. ఏ ముక్కలో అంకె పెరిగితే ఆ ముక్క విప్పి, ఉప్పు కాగితంతో మెరిసేలా రుద్ది, తిరిగి బిగించాలి. నా అభిప్రాయంలో ఈ ఒక్క కొలత నేర్చుకుంటే పాఠంలో సగం వచ్చినట్టే, ఎందుకంటే ఎర్ర వైరును అందరూ చూస్తారు, ఎర్త్ వైపు చూసేవారు తక్కువ.

మూడవ కొలత పాజిటివ్ వైపు: బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సోలినాయిడ్ దాటాక మోటారులోకి పోయే లావు బోల్టు వరకు. మొత్తం మీద అర వోల్టు దాటకూడదు. ఇక్కడొక చిక్కుంది. సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయి కలవకపోతే కరెంటు నడవదు, కాబట్టి కేబుళ్ళలో ఎక్కడా డ్రాప్ కనిపించదు. బ్యాటరీ వోల్టేజి దాదాపు అంతా సోలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్యనే కనిపిస్తుంది. ‘టక్’మన్న తరువాత కూడా ఆ బోల్టుల మధ్య 12 వోల్టులుంటే లోపం సోలినాయిడ్‌లోనే ఉంది. బోల్టుల మధ్య ఏమీ లేకుండా, మోటారు బోల్టుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 12 ఉన్నా తిరగకపోతే, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగి ఉంటాయి.

‘టక్’ కూడా వినిపించకపోతే నాలుగవ కొలత అవసరం. సోలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు దగ్గర, తాళం తిప్పినప్పుడు, బ్యాటరీకి దగ్గరగా వోల్టేజి రావాలి. రాకపోతే మోటారును వదిలేసి ఆజ్ఞ వచ్చే దారి వైపు తిరగండి. 1912 క్యాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టరు ప్రవేశపెట్టాక చాలా దశాబ్దాల పాటు స్విచ్చు నొక్కితే నేరుగా కరెంటే పోయేది. నేటి బండ్లలో చాలావాటిలో తాళం గానీ బటన్ గానీ పంపేది అభ్యర్థన మాత్రమే. తాళంలోని చిప్పును గుర్తుపట్టి, క్లచ్ లేదా బ్రేకు తొక్కారని, గేరు పార్క్ లేదా న్యూట్రల్‌లో ఉందని స్విచ్చుల ద్వారా నిర్ధారించుకున్నాకే కంప్యూటరు రిలేను (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్చును) కలుపుతుంది. బటన్ స్టార్ట్ కారులో బ్రేకు తొక్కినప్పుడు వెనుక బ్రేక్ లైట్లు వెలగకపోతే బ్రేకు స్విచ్చును చూడండి. ఆటోమేటిక్‌లో పార్క్ బదులు న్యూట్రల్‌లో ప్రయత్నించండి. తాళం బొమ్మ ఉన్న దీపం మిణుకుతుంటే రిమోట్‌ను బటన్‌కే ఆనించి నొక్కండి, ఎందుకంటే దానిలోని నాణెం బ్యాటరీ అయిపోయినా చిప్పు ఆ దూరంలో పలుకుతుంది. స్కూటర్లు, మోటారు సైకిళ్ళ విషయంలో సైడ్ స్టాండు, ఎర్రటి కిల్ స్విచ్చు, బ్రేకు లీవరు స్విచ్చు చూస్తే చాలావరకు తేలిపోతుంది.

పాత అలవాట్లు రెండు మానుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు) పనిచేస్తోందో లేదో చూడటం మొదటిది. భారమంతా ఒక్కసారి తొలగడంతో ఆల్టర్నేటరు వోల్టేజి క్షణకాలం పదుల వోల్టులకు ఎగసి, బండిలోని కంప్యూటర్లను దెబ్బతీయవచ్చు. నడుస్తున్న బండి బ్యాటరీ మీద 13.5 నుంచి 14.7 వరకు ఉంటే డైనమో బాగున్నట్టేనని మీటరే చెబుతుంది. స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ బోల్టులను కలపడం రెండవది. అది భద్రతా స్విచ్చులన్నిటినీ దాటవేస్తుంది, గేరులో ఉన్న బండి ముందు నిలబడ్డవారి మీదికి దూకుతుంది. ఇంకొక బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు చివరి నల్ల క్లిప్పును బలహీన బ్యాటరీ నెగటివ్ పోస్టుకు కాకుండా ఇంజిన్ లోహానికి పెట్టాలి, ఎందుకంటే బ్యాటరీ మీద తేలే హైడ్రోజన్‌కు ఆ చివరి మెరుపు చాలు.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా, బాగా నడుస్తున్న మీ బండి మీదనే మొదటి మూడు కొలతలు తీసి నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంజిన్ అందుకోకుండా ఫ్యూజు తీయడం మరవకండి, ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి తిప్పవద్దు. మంచి బండి అంకెలు మీ దగ్గరుంటేనే చెడిన బండి అంకెలు పోల్చుకోగలరు. తరువాత ఈ రెండు సందర్భాలకు కారణం రాయండి. మొదటి బండిలో ‘టక్’ వినిపించింది, బ్యాటరీ 12.4 నుంచి కదల్లేదు, సన్న వైరు దగ్గర 11.9, సోలినాయిడ్ లావు బోల్టుల మధ్య 12.3. రెండవ బండిలో సెల్ఫ్ మూలుగుతూ తిరిగింది, బ్యాటరీ మీద 10.9, నెగటివ్ పోస్టుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 1.8. జవాబులతో వచ్చే పాఠం మొదలవుతుంది. ఆ తరువాత సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోని బండిని, స్కానరు చూపే కోడ్‌లతో సహా, చేపడదాం.