క్రేన్ సెట్‌లో పక్క ఫ్యాక్టరీ మాట వినబడుతోందా? వాకీటాకీ ఫ్రీక్వెన్సీ సమస్యలు, పరిష్కారాలు

చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండి, మణలి, ఎన్నూరు, ఇటు అంబత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో రేడియో సెట్ల పని చేస్తాను. ఈ పక్క షాప్‌ఫ్లోర్లలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. "అన్నా, సెట్లు పాడయ్యాయి, కొత్తవి కొనాలా?" అని వచ్చే ఫోన్లలో సగానికి పైగా సెట్టు తప్పు ఉండదు. ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడంలోనో, దాన్ని వాడుకునే పద్ధతిలోనో తప్పు ఉంటుంది. అందుకే కొత్త సెట్లకు డబ్బు పెట్టేముందు ఇది చదవండి.

మొదట ఒక నోట్‌బుక్ పెట్టండి. గోల ఎప్పుడు వచ్చింది, ఏ ఛానల్‌లో, మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఆ సమయానికి ఏ మెషిన్ నడుస్తోంది, ఈ నాలుగూ రాసిపెట్టండి. వారం రోజుల రాతలు చేతిలో ఉంటే కారణం సగం దొరికినట్టే. అవి లేకుండా వెళ్ళి సెట్ విప్పితే ఆ రోజంతా వృథా.

సమస్య: మనవి కాని మాటలు వినిపిస్తున్నాయి, లేదా మన మాట మధ్యలో తెగిపోతోంది

దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నాకు అన్నిటికంటే భయం దీనితోనే. ఒక రోలింగ్ మిల్లులో రాత్రి షిఫ్ట్‌లో లోడు గాల్లో ఉంది, కింద సిగ్నల్ ఇచ్చే కుర్రాడు ఇంకా ఏమీ అనలేదు, క్రేన్ ఆపరేటర్ సెట్‌లో మాత్రం "ఇరక్కు" అని స్పష్టంగా వినబడింది. అంటే దించు అని. ఆపరేటర్ దించడం మొదలుపెట్టాడు. కింద ఉన్నవాళ్ళు అరిచి ఆపించారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట అన్నది రోడ్డుకు అవతల ఉన్న ఇంకో షెడ్‌లోని మనిషి, వాళ్ళ క్రేన్‌కి. క్రేన్ మాటలు అన్ని ఫ్యాక్టరీల్లోనూ ఒకటేగా: పైకి, కిందికి, ఆపు. అది పరాయి గొంతు అని లోడు చూస్తున్న మనిషికి ఆ క్షణంలో ఎలా తడుతుంది?

కారణం: ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉన్నారు. ఆన్‌లైన్‌లో కొన్న సెట్లతో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఒకే మోడల్ సెట్లన్నీ ఫ్యాక్టరీ నుంచి ఒకే ఛానల్ పట్టికతో వస్తాయి, రెండు కంపెనీలూ పెట్టె విప్పి ఒకటో నంబర్ ఛానల్‌లోనే మాట్లాడుకుంటాయి. లైసెన్స్ అక్కర్లేని 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అయినా అంతే. అది అందరిదీ, 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున కోస్తే మొత్తం 16 ఛానల్స్ వస్తాయి, ఎస్టేట్‌లో ఉన్న ఫ్యాక్టరీలన్నీ ఆ పదహారులోనే సర్దుకోవాలి. సెక్యూరిటీ గార్డులకి, గేటు దగ్గర లారీలకి అది చాలు. క్రేన్‌కి మాత్రం వద్దు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. టోన్ పెడితే సమస్య పోయిందనుకుంటారు. టోన్ అంటే 67 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఉండే మంద్ర స్వరం, మన మాటతో పాటే వెళుతుంది, ఆ టోన్ ఉంటేనే అవతలి సెట్ స్పీకర్ తెరుచుకుంటుంది. అంటే పరాయి మాట మీకు వినబడకుండా పోతుంది, కానీ ఛానల్ మీద అది ఉండనే ఉంటుంది. మీ మనిషి "ఆపు" అన్న క్షణంలో దగ్గర్లో బలమైన పరాయి సిగ్నల్ ఉంటే ఎఫ్‌ఎం రిసీవర్ ఆ బలమైనదాన్నే పట్టుకుంటుంది, మీవాడి మాటని వదిలేస్తుంది. పైగా దానికి టోన్ వేరు కాబట్టి స్పీకర్ మూగగా ఉండిపోతుంది. ముందు పరాయి మాట వినబడేది, కనీసం ప్రమాదం ఉందని తెలిసేది. ఇప్పుడు ఆ హెచ్చరిక కూడా లేదు. డిజిటల్ సెట్లలో టోన్ బదులు పెట్టే కలర్ కోడ్ అనే నంబర్ కూడా ఇలాంటిదే, 0 నుంచి 15 దాకా ఏది పెట్టినా గాలిలో ఉన్న సిగ్నల్ పక్కకి జరగదు.

పరిష్కారం: ఒక సెట్‌లో టోన్ తీసేసి, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ని మూసి ఉంచే అమరిక) పూర్తిగా తెరిచి, మూడు షిఫ్టులూ ఆ ఛానల్ వినండి. ఒక్క పగలు విని ఖాళీగా ఉందని రాసేయకండి, పక్కవాళ్ళది రాత్రి పనే కావచ్చు. ఎవరైనా ఉంటే ఛానల్ మార్చడమే మందు. మారేదాకా ప్రతి మాటకి ముందు పేరు పెట్టి పిలవడం అలవాటు చేయండి: "క్రేన్ రెండు, క్రేన్ రెండు, దించు" అని. ఆపరేటర్ "క్రేన్ రెండు, దించుతున్నా" అని తిరిగి చెప్పాకే కదలాలి. ఛానల్ మారాక కూడా ఈ అలవాటు మానకండి.

సమస్య: పగలు బాగుంటుంది, తెల్లవారుజామున ఎక్కడెక్కడివో మాటలు

మన తీరంలో ఇది మామూలే. గాలి కదలని రాత్రుల్లో, సముద్రం మీది తేమగాలి పైన వెచ్చని గాలి పొర పరుచుకున్నప్పుడు, రేడియో తరంగం పైకి పోకుండా ఆ పొర కింద వంగి చాలా దూరం పాకుతుంది. ఎండెక్కగానే పొర చెదురుతుంది, గోల కూడా పోతుంది. నోట్‌బుక్‌లో సమయాలు రాసి ఉంటే ఇది ఇట్టే తెలుస్తుంది, లేకపోతే సెట్లు విప్పి చూస్తూ కూర్చుంటారు.

దీనికి పవర్ పెంచడం మందు కాదు. మీరు పెంచితే ఆ దూరంలో ఉన్నవాళ్ళకి మీరు గోల అవుతారు. యాంటెన్నా ఎత్తు అవసరమైనంతే ఉంచండి. ఒక లెక్క చెబుతాను: 30 మీటర్ల మాస్ట్ మీద యాంటెన్నా, చేతిలో సెట్ 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, మామూలు రోజున కూడా రేడియో చూపు సుమారు 27 కిలోమీటర్లు. గుమ్మిడిపూండిలో మాస్ట్ వేస్తే శ్రీసిటీ కూడా ఆ గీత లోపలే. అది ఆంధ్రలో ఉంది, వేరే రాష్ట్రం, కానీ గాలికి ఆ సంగతి పట్టదు. అదే రెండు వైపులా 30 మీటర్ల మాస్ట్‌లు ఉంటే ఒకదానికొకటి 45 కిలోమీటర్ల దాకా కనబడతాయి, అంటే అంబత్తూరు, మణలి, ఎన్నూరు అన్నీ వచ్చేశాయి. మీ ఫ్యాక్టరీ గోడ నుంచి గోడకి అర కిలోమీటరు ఉంటే 30 మీటర్ల మాస్ట్ ఎందుకు? షెడ్ కప్పు మీద చిన్న యాంటెన్నా పెట్టి, తక్కువ పవర్‌తో నడిపితే అదే ఫ్రీక్వెన్సీని ఇంకోచోట ఇంకొకరు కూడా హాయిగా వాడుకోవచ్చు.

పవర్ గురించి ఇంకో మాట. చుట్టూ కట్టడాలున్న నేల మీద వాట్లు రెట్టింపు చేస్తే రేంజ్ పెరిగేది సుమారు ఐదో వంతే. 5 వాట్ల సెట్ ఇచ్చి 10 వాట్లది కొన్నవాళ్ళు ఎందుకు నిరాశపడతారో అందులోనే ఉంది.

సమస్య: రెండు ఛానల్స్‌లో ఒకేసారి మాట్లాడితే మూడో ఛానల్‌లో గోల

ఇది పట్టుకోవడం కష్టం, పట్టుకుంటే మాత్రం తృప్తిగా ఉంటుంది. ఉదాహరణకి మీకు 160.100, 160.200, 160.300 మెగాహెర్ట్జ్ అని మూడు ఛానల్స్ ఉన్నాయనుకోండి. చూడ్డానికి ముచ్చటగా సమానమైన ఎడంతో ఉన్నాయి. ఇప్పుడు రెండోదాన్ని రెండుతో గుణించి మొదటిది తీసేయండి: 320.400 లోంచి 160.100 పోతే 160.300. మొదటి రెండూ కలిసి మూడోదాని మీద మూడో మనిషిని పుట్టించాయి. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. రెండు బలమైన సిగ్నల్స్ ఒక రిసీవర్‌లోనో, ఒక ట్రాన్స్‌మిటర్ చివరి మెట్టులోనో, ఆఖరికి మాస్ట్ మీద తుప్పు పట్టిన బోల్టులోనో కలిస్తే ఇది పుడుతుంది. ఎన్నూరు ఉప్పుగాలికి తుప్పు ఎంత త్వరగా వస్తుందో అక్కడ పనిచేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

పరీక్ష సులువే. గోల వస్తున్నప్పుడు మొదటి ట్రాన్స్‌మిటర్ ఆపండి, పోయిందా? దాన్ని మళ్ళీ వేసి రెండోది ఆపండి, మళ్ళీ పోయిందా? ఏది ఆపినా పోతుంటే ఇదే. ఎక్కడ పుడుతోందో తెలియాలంటే గోల పడుతున్న రిసీవర్ ముందు 3 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి, అంటే వచ్చే సిగ్నల్‌ని సగానికి తగ్గించే చిన్న ముక్క. గోల కూడా 3 డీబీయే తగ్గితే అది బయట పుట్టి వస్తోంది, ట్రాన్స్‌మిటర్లకి ఐసొలేటర్లు (బయటి సిగ్నల్ వెనక్కి లోపలికి రాకుండా ఆపేవి) వేయాలి, బోల్టులు శుభ్రం చేయాలి. ఏకంగా 9 డీబీ దాకా పడిపోతే మీ రిసీవర్‌లోనే పుడుతోంది, ముందు ఫిల్టర్ పెట్టాలి, యాంటెన్నాల మధ్య ఎడం పెంచాలి. అన్నిటికంటే మంచిది ఫ్రీక్వెన్సీలు అడిగేటప్పుడే ఈ లెక్క వేసుకోవడం. సమాన ఎడంతో ఉన్న జాబితా చేతికొస్తే ఒప్పుకోకండి, వేరేవి అడగండి.

సమస్య: రిపీటర్ ఉన్నా దూరంగా ఉన్నవాళ్ళ మాట అందదు

రిపీటర్ అంటే ఒక సెట్ మాటని అందుకుని మళ్ళీ బలంగా పంపే పెట్టె. దూరంగా ఉన్నవాళ్ళ మాట దానికి సరిగా అందకపోతే చాలాసార్లు దాని ట్రాన్స్‌మిటరే దాని రిసీవర్‌ని చెవిటిదాన్ని చేస్తుంటుంది. బలహీనమైన సిగ్నల్ పెట్టి, ట్రాన్స్‌మిటర్ వేసి, ఆపి చూడండి. తేడా వస్తే చాలావరకు డూప్లెక్సర్ (ఒకే యాంటెన్నా మీద పంపే సిగ్నల్‌నీ అందుకునే సిగ్నల్‌నీ విడదీసే ఫిల్టర్) ట్యూనింగ్ పోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో అంచనాగా తిప్పకండి, మీటర్ ఉన్న మనిషిని పిలవండి. పక్కపక్కనే నిలబడి వేర్వేరు ఛానల్స్‌లో మాట్లాడే ఇద్దరికీ ఇదే సమస్య, కాస్త ఎడంగా నిలబడితే తగ్గుతుంది.

వాన పడ్డాక రేంజ్ పోతే అది ఫ్రీక్వెన్సీ గొడవే కాదు, కేబుల్‌లోకి నీళ్ళు వెళ్ళాయి. తమిళ నెలలు ఐప్పసి, కార్తీకల వానల తర్వాత నాకు వచ్చే పని సగం ఇదే. ఒక్క జాగ్రత్త: ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌ని (యాంటెన్నా నుంచి ఎంత పవర్ వెనక్కి వస్తోందో చూపేది) కేబుల్ కింది చివర పెట్టి బాగుందని సంతోషించకండి. నీళ్ళున్న పొడవాటి కేబుల్ తిరిగొచ్చే పవర్‌ని కూడా తినేస్తుంది కాబట్టి రీడింగ్ మంచిగానే కనబడుతుంది. పైన, యాంటెన్నాకి కేబుల్ కలిసే చోట పెట్టి చూడండి. అక్కడ 1.5 వస్తే 4 శాతం వెనక్కి వస్తోంది, పర్వాలేదు. 3 వస్తే 25 శాతం, అది ఊరుకోవాల్సింది కాదు.

సమస్య: షెడ్‌లో ఒకచోట వస్తుంది, అడుగు జరిగితే రాదు

ఇనుప గోడల నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట్లు అవి. 450 మెగాహెర్ట్జ్ దగ్గర ఇలాంటి గుంటలు సుమారు 33 సెంటీమీటర్లకొకటి, 150 దగ్గర మీటరుకొకటి. యూహెచ్‌ఎఫ్‌లో, అంటే ఆ 450 వైపు బ్యాండ్‌లో, ఒక్క అడుగు జరిగితే గుంట దాటేస్తారు, కిటికీల గుండా, తలుపుల గుండా కూడా అదే బాగా దూరుతుంది, కాబట్టి షెడ్ లోపలి పనికి యూహెచ్‌ఎఫ్ అడగండి. బయట విశాలమైన యార్డ్‌కి వీహెచ్‌ఎఫ్, అంటే 150 వైపుది, బాగుంటుంది. నేలమాళిగలకి, కేబుల్ సొరంగాలకి లీకీ ఫీడర్ కేబుల్ (పొడవునా సిగ్నల్ బయటికి వదిలే కేబుల్) వేయాల్సిందే, ఏ ఫ్రీక్వెన్సీ అయినా కాంక్రీటు కిందకి అంత తేలిగ్గా రాదు.

సమస్య: మాట చిన్నగా, లేదా పగిలి వస్తోంది

ఒక సెట్ ఛానల్ వెడల్పు 25 కిలోహెర్ట్జ్‌లో, ఇంకోదానిది 12.5లో ఉంది. అన్నీ ఒకే వెడల్పుకి, లైసెన్స్‌లో ఏది రాసి ఉంటే దానికి మార్చండి. పది నిమిషాల పని.

సమస్య: క్రేన్ కదిలినప్పుడే బుర్రుమని శబ్దం, లేదా రిమోట్ ఆగిపోతోంది

శబ్దం అయితే మోటార్ డ్రైవ్ నుంచి వస్తోంది. చేతి సెట్ పట్టుకుని ప్యానెల్ చుట్టూ నడవండి, ఎక్కడ పెరుగుతోందో చెవికే తెలుస్తుంది. షీల్డ్ ఉన్న కేబుల్, సరైన ఎర్తింగ్, ఫెర్రైట్‌లు (కేబుల్ చుట్టూ తొడిగే, గోలని అణిచే ముక్కలు) వేయించండి.

రిమోట్ ఆగిపోతుంటే వెంటనే పట్టించుకోండి. చాలా క్రేన్ రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ పవర్‌తో పనిచేస్తాయి. ఎవరో కుర్రాడు ఆన్‌లైన్ సెట్‌ని తనకి తోచిన నంబర్‌కి పెట్టుకుని రిసీవర్ కింద నిలబడి మాట్లాడితే అది చెవిటిదైపోతుంది. షాప్‌ఫ్లోర్‌లోకి వచ్చే ప్రతి సెట్ ప్రోగ్రామింగ్ చూసి, సంతకం పెట్టాకే లోపలికి రానివ్వండి.

ఛానల్ మార్చాలంటే

సాఫ్ట్‌వేర్‌లో నంబర్ మార్చేసి ఊరుకోకూడదు. మన దేశంలో ఫ్రీక్వెన్సీ కేటాయించేది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి, మాస్ట్ స్థలానికి, ఎత్తుకి సాక్ఫా అనే కమిటీ క్లియరెన్స్ ఉంటుంది. లైసెన్స్‌లో ఫ్రీక్వెన్సీతో పాటు పవర్, స్థలం, యాంటెన్నా ఎత్తు కూడా రాసి ఉంటాయి, అందులో ఏది మార్చినా మళ్ళీ అడగాలి. టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం అవుతుందని ముందే లెక్కేసుకుని ప్రాజెక్ట్ మొదలైన రోజే దరఖాస్తు పెట్టండి. మెషిన్లు దిగాక పెడితే మధ్యలో ఎవరో ఆన్‌లైన్ సెట్లు తెచ్చేస్తారు.

దరఖాస్తులో "ఛానల్స్ కావాలి" అని కాకుండా పని చెప్పండి: ఎన్ని సెట్లు, ఎన్ని మీటర్ల దూరం, రిపీటర్ కావాలా, నేరుగా మాట్లాడితే చాలా, అక్షాంశ రేఖాంశాలు. క్రేన్‌కి ఒకటి, ఫైర్, ఎమర్జెన్సీకి ఒకటి, మిగతా అందరికీ ఒకటి. క్రేన్ ఛానల్‌లో క్యాంటీన్ మాటలు వద్దని మేనేజర్‌తో చెప్పించి, క్రేన్ బృందంలో లేనివాళ్ళ సెట్లలోంచి ఆ ఛానల్ తీసేయించండి.

కొత్త ఛానల్ వచ్చిన రోజు ఫ్యాక్టరీ ప్లాన్ ఒక కాగితం మీద గీసి, ఇద్దరు మనుషులతో ప్రతి బే, ప్రతి మెట్లు, క్రేన్ క్యాబిన్, పంప్‌హౌస్ తిరిగి అంకెలు చదివించండి, అందిన చోట టిక్, అందని చోట ఎర్ర గుర్తు. మెషిన్లన్నీ నడుస్తున్నప్పుడు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఇంకోసారి. ఆ కాగితం కంట్రోల్ రూమ్ గోడ మీద ఉంటే, ఆరు నెలల తర్వాత ఎవరైనా "అన్నా, సెట్లు పాడయ్యాయి" అన్నప్పుడు పక్కన పెట్టి చూడటానికి అదే ఆధారం.