పుప్పొడిది ఒక మాట, పురుగుది ఒక మాట: ఆర్కిటిక్ మట్టితో వచ్చే చిక్కులు

సమస్య: యూకాన్ (వాయవ్య కెనడా) మంచుయుగపు మట్టిలో పుప్పొడి లెక్కిస్తే స్ప్రూస్, పైన్ అనే సూదాకు చెట్లు కనిపిస్తాయి. అదే పొరలోని పెంకుపురుగులు మాత్రం చెట్టు జాడ లేని ఎండునేలవి.

కారణం: పైన్ రేణువుకు రెండు గాలితిత్తులుంటాయి, వందల కిలోమీటర్లు కొట్టుకొస్తుంది. స్థానికంగా పూసే మొక్కలు తక్కువైతే ఈ వలస రేణువులకే శాతాల్లో పెద్ద వాటా దక్కుతుంది.

పరిష్కారం: శాతాలు పక్కన పెట్టి, ఏడాదికి చదరపు సెంటీమీటరు మీద ఎన్ని రేణువులు రాలాయో చూడండి. అందుకు లెక్క తెలిసిన లైకోపోడియం (నాచులా కనిపించే మొక్క) బీజాంశాల బిళ్లలను ఆమ్లాల్లో శుద్ధి చేయకముందే కలపాలి. శుద్ధి అయ్యాక గుర్తొస్తే చేసేదేమీ లేదు. 1980లో సినార్, రిచీ అనే పరిశోధకులు ఉత్తర యూకాన్‌లోని హాంగింగ్ లేక్ అనే చెరువు మట్టిని ఇలాగే లెక్కించి, అప్పటి యూకాన్ గడ్డిమైదానం కాదు, అరకొర మొక్కల నేల అన్నారు. మరి మామత్ (మంచుయుగపు బొచ్చు ఏనుగు) మందలు ఏం మేశాయి? పుప్పొడి ఇక్కడ తడబడుతుంది: గడ్డి రేణువు ఏ గడ్డిదో చెప్పదు, మాచిపత్రి బంధువుల్లో ఏదో తేల్చదు. పురుగు జాతి పేరుతో సహా దొరుకుతుంది. లెపిడోఫోరస్ లీనియాటికోలిస్ (మన బియ్యంలోని ముక్కుపురుగుకు దూరపు చుట్టం) పొడినేలదే. యూకాన్‌లోని క్లోండైక్‌లో, బొరియల్లో బతికే నేల-ఉడుతలవి గడ్డకట్టి మిగిలిన గూళ్లలోనూ గడ్డి, మాచిపత్రి తోబుట్టువు దొరికాయి. కాలి కింది నేల విషయంలో నేను పురుగు మాటే నమ్ముతాను.

సమస్య: మట్టిలోంచి పురుగుల పెంకులు వేరుచేయడానికి కిరోసిన్ పోసినా అవి తేలవు, నాచే తేలుతుంది.

కారణం: జల్లెడలో మిగిలిన ముద్దలో నీరు ఉండిపోయింది, లేదా మీకు ఓపిక చాలలేదు.

పరిష్కారం: 300 మైక్రాన్ల జల్లెడలో నీరు పూర్తిగా ఓడ్చి, కిరోసిన్ కలిపి, మిగులు వంపేసి, చన్నీళ్లు పోయండి. మైనపు పూత ఉన్న పెంకులకు నూనె అంటుకుని అవి పైకొస్తాయి; మొక్కల పీచు క్రమంగా అడుగుకు దిగుతుంది. దిగేదాకా ఆగండి. నల్లటి తెట్టు మధ్య నీలిరంగు రెక్కపెంకు ఒక్కటి తళుక్కుమంటే పని కుదిరినట్టే. మరో రెండుసార్లు తేల్చండి.

సమస్య: రేడియోకార్బన్ వయసు (మిగిలిన కార్బన్-14ను బట్టి కట్టేది) మరీ ఎక్కువగా వస్తోంది.

సున్నపురాయి నీటిలో పెరిగిన నీటిమొక్కలను పంపి ఉంటారు. పాత కార్బన్ వాటిలో చేరుతుంది. నేలమీది మొక్కల విత్తనాలు గానీ, పురుగుల పెంకులు గానీ పంపండి. పెంకులైతే కిరోసిన్ తగలకముందే చిమటాతో ఏరి పెట్టుకోండి. అదీ భూగర్భ నూనే, దానిలో కార్బన్-14 ఉండదు.